కంప వేసిన ఇల్లు

మా ఊళ్ళో సుగ్గికి పోయేవాళ్ళు తలుపుకు తాళం వేసి ఊరుకోరు. తాళం మీదుగా తుమ్మకంప అడ్డం పెట్టి, గడప మీద బూడిదతో మూడు గీతలు గీసి, మేం వచ్చేదాకా ఎవరినీ రానియ్యొద్దని ఇంటికి చెప్పి ట్రాక్టరు ఎక్కుతారు. సుగ్గి అంటే కూలికి వలస పోవడం. ఇక్కడ చేలు ఎండిపోయాక, జనవరి నుంచి మూడు నెలలు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి సగం ఊరు కదిలిపోతుంది. వేసిన కంపను వేసినవాళ్ళే తియ్యాలి. అది ఉన్నన్నాళ్ళు ఆ ఇంటి ముందు నిలబడి ఆ ఇంటివాళ్ళను పేరు పెట్టి పిలవకూడదు. లోపలినుంచి ఏదైనా పిలిస్తే అసలే పలకకూడదు. పలికితే అది మన వెంట వస్తుందని మా అవ్వ చెప్పేది. మా అవ్వకు వాళ్ళవ్వ చెప్పిందట.

నా పేరు శివకుమారి. ఈరన్నగుట్టలో పదకొండేళ్ళుగా ఆశా కార్యకర్తను. దెయ్యం లేదు, దిష్టి లేదు, ఆసుపత్రికి నడువమని ఊరందరి మీదా నోరు చేసుకునేదాన్ని నేనే. తాయెత్తు కట్టిన చంటిబిడ్డ కనబడితే ఆ తల్లికి ఆ పూట నా చేతిలో మూడినట్టే. అలాంటిదాన్ని, మిట్టమధ్యాహ్నం కంప వేసిన ఇంట్లోంచి నా పేరు వినబడితే వెనక్కి తిరక్కుండా పరిగెత్తాను. చెప్పుకోవాలంటే తల కొట్టేసినట్టుంది. అయినా చెప్పాల్సింది నేనే.

ఆ ఇల్లు చిన్న ఈరన్నది. అతని భార్య హేమావతికి ఇరవై మూడేళ్ళు, క్షయ. ఆరు నెలల మందులో నాలుగు నెలలు నా కళ్ళ ముందే మింగింది. ఈ మందు మధ్యలో ఆగితే జబ్బు మొండికేస్తుంది, తర్వాత ఆ మాత్రలకు లొంగదు. ఇంకో రెండు నెలలు ఊళ్ళో ఉండమని చిన్న ఈరన్న కాళ్ళావేళ్ళా పడ్డాను.

"ఈడుండి ఏం తినాల శివకుమారక్కా? మందు మింగినాక కడుపులోకి ఏమన్నా పడాల గదా. ఆ మందుకు ఆకలి శానా అయితాది," అన్నాడు.

నెలకు సరిపడా మాత్రలు హేమావతి కొంగులో కట్టి, ఎక్కడున్నా ఫోన్ చెయ్యమని చెప్పి పంపించాను. వాళ్ళు పోయిన పది రోజులకు రిజిస్టరు పట్టుకుని ఆ వీధికి పోయాను. తొమ్మిది ఇళ్ళకు కంపలే. కంప కనబడిన ఇంటికల్లా వలస అని రాసుకుంటూ పోతే గంటలో వీధి అయిపోయింది. హేమావతి ఇంటిని ఆనుకుని, ఒకే గోడతో ఉన్న హనుమేష్ ఇంటికి కూడా అట్లాగే, ఆరుగురు వలస అని రాశాను. ఆ వారం పింఛను పంచడానికి వచ్చినవాళ్ళు కూడా కంపలు చూసి వీధి మొదటినుంచే తిరిగిపోయారు.

ఫిబ్రవరి మొదట్లో మాట పుట్టింది. ఆ వీధిలో కొళాయి దగ్గర తెల్లారేసరికి నేల తడిగా ఉంటోందనీ, ఎవరూ నీళ్ళు పట్టకముందే ఎవరో పట్టుకున్న గుర్తు ఉంటోందనీ ఆడవాళ్ళు అనుకున్నారు. తర్వాత మూలుగు విన్నామన్నారు. చిన్న ఈరన్న ఇంట్లోనే అన్నారు. రెండు రోజుల్లో అందరూ ఆ కొళాయికి పోవడం మానేశారు. అర కిలోమీటరు నడిచి బడి దగ్గర బోరింగుకు పోతున్నారు గానీ ఆ వీధి తొక్కడం లేదు. వీధి చివర ఉండే సుబ్బక్క ఒక్కతే ఇల్లు విడిచి పోలేక అక్కడ మిగిలింది. డెబ్బై ఏళ్ళ మనిషి, ఒంటరిది.

నేను విన్నది ఒక మంగళవారం. అంగన్‌వాడీకి బరువు తూచే మిషను మోసుకుపోతున్నాను. ఎండకు వీధిలో కుక్క కూడా లేదు.

"శివకుమారక్కా."

కడవలో తల పెట్టి మాట్లాడినట్టుంది గొంతు. అది హేమావతి గొంతేనని ఆ క్షణమే తెలిసింది. తెలిసినందుకే నా కాళ్ళు ఆగలేదు. ఇంకో రెండు రోజులకు అదే చోట, "అక్కా, నేను," అని వినబడింది. మూడోసారి పేరు లేదు, మాట లేదు. కిటికీ చెక్కను లోపలినుంచి గోటితో గీరుతున్న చప్పుడు మాత్రం వచ్చింది. ఆ తర్వాత నేను కూడా చేలగట్టు దారి పట్టాను.

ఇంటికొచ్చి చిన్న ఈరన్నకు ఫోన్ చేశాను. పలకలేదు. వాళ్ళను తీసుకుపోయిన మేస్త్రీ నంబరు పట్టుకుని చేశాను.

"ఆ పాపకు జొరం, దగ్గు. ఆ పాప పక్కన నిలబడి కాయలు కోసేదానికి ఎవురూ ఒప్పుకోలే. బస్సెక్కించి పదైదు దినాలాయె గదమ్మా. ఊరు చేరలేదా?" అన్నాడు మేస్త్రీ. చిన్న ఈరన్న ఇంకో చేలో ఉన్నాడు, అతని ఫోను నీళ్ళలో పడిందట.

బస్సెక్కిన పిల్ల ఊరు చేరినట్టు ఎవరూ చూడలేదు. ఇంట్లో గొంతు మాత్రం వినబడుతోంది. నాకు వేరే ఆలోచనే రాలేదు. దారిలోనే ఎక్కడో ప్రాణం పోయింది, ఆత్మ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది అనుకున్నాను. పదకొండేళ్ళు చేతికి సూదీ మాత్రా ఇచ్చి నేర్పించిన చదువు ఆ పూట నాకు ఎందుకూ పనికి రాలేదు. వంటింట్లో కూర్చుని హేమావతి కోసం కొంగు తడిసేదాకా ఏడ్చాను.

ఊరు కూడా అదే అనుకుంది. సుబ్బక్క మాత్రం ఏడవలేదు. రోజూ మధ్యాహ్నం మోదుగాకులో రెండు ముద్దల అన్నం పెట్టి, పైన ఇంత కుంకుమ చల్లి, ఒక వేపరెమ్మ ఉంచి, ఆ ఇంటి కిటికీలో పెట్టి వచ్చేది. చచ్చినవాళ్ళకు పెట్టే కూడు అట్లాగే పెడతారు. పెట్టి వెనక్కి చూడకుండా రావాలి. మరుసటి రోజు పోతే ఆకు ఖాళీగా ఉండేది.

"కాకి తిన్నాదేమో అక్కా," అన్నాను ఒకసారి.

"కాకయితే ఆకును మడిసి పెడతాదా?" అంది సుబ్బక్క. "ఎవురి బిడ్డయితేనేమి, ఆకలితో తిరగగూడదు."

అట్లా పదిరోజులు గడిచాయి. అప్పుడే మా పీహెచ్‌సీ డాక్టరమ్మతో కలిసి పనిచేస్తామని ఒక సంస్థవాళ్ళు వచ్చారు. వచ్చిన పిల్లవాడి పేరు ఉమామహేశ్. కోయిలకుంట్లవాడు, ముప్పై కూడా ఉండవు. ఊరివాళ్ళతో భాగస్వామ్యం అనే మాట నోరు తిరక్కుండా పదిసార్లు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇట్లాంటి మీటింగులు నేను చాలా చూశాను. ఫొటో తీసుకుంటారు, బిస్కట్లు పంచుతారు, పోతారు.

కానీ ఇతను బ్యానరు కట్టలేదు. అంగన్‌వాడీ ముందు నేల ఊడిపించి, ముగ్గుపిండి తెప్పించి, ఊరిని గీయమని ఆడవాళ్ళకే ఇచ్చాడు. తర్వాత గుప్పెడు చింతగింజలు ఇచ్చి, ఎక్కడ ఏ కష్టం ఉంటే అక్కడ ఒక గింజ పెట్టమన్నాడు. మొదట అందరూ నవ్వారు. తర్వాత వంగి గీయడం మొదలుపెట్టారు. బస్సు ఆగని అడ్డరోడ్డు దగ్గర ఏడు గింజలు పడ్డాయి. బియ్యం బండి రాని గుడిసెల దగ్గర అయిదు. బోరింగు దగ్గర లెక్కే లేదు. ఊరంతా వచ్చింది గానీ ముగ్గులో ఒకచోట అరచెయ్యంత నేల ఖాళీగా ఉండిపోయింది.

"ఇక్కడ ఏముంటాదమ్మా?" అన్నాడు ఉమామహేశ్.

గీస్తున్న ఆడవాళ్ళు చేతులు వెనక్కి తీసుకున్నారు. సుబ్బక్క లేచి వచ్చి ఆ ఖాళీలో ఒక గింజ పెట్టింది.

"ఇది ఎవరికవ్వా?"

"ఆడుండేదానికి. దానికీ ఆకలే."

అతను ఎగతాళి చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. నేలమీద ఆమె పక్కనే కూర్చుని, ఎన్నాళ్ళ నుంచి, ఏం తింటుంది, ఏం చప్పుడు చేస్తుంది అని ఒక్కొక్కటే అడిగాడు. సుబ్బక్క అంతా చెప్పింది.

"నీళ్ళు పట్టుకుంటాది. అన్నం తింటాది. శానా దగ్గుతాది."

"దెయ్యానికి దగ్గెందుకు వస్తాదవ్వా?" అన్నాడు ఉమామహేశ్.

వెక్కిరింపుగా కాదు. తెలియక అడిగినట్టే అడిగాడు. నాలుగు నెలలు రోజూ పొద్దున్నే నేను విన్న దగ్గు అది. పొడిగా రెండుసార్లు, తర్వాత ఒక పెద్ద దగ్గు. నేను పారిపోయింది ఆ దగ్గున్న మనిషి నుంచే.

"రెండు దినాలాయె కూడు ముట్టక," అంది సుబ్బక్క. "ఆకులు రెండూ కిటికీలో అట్లనే ఉండాయి. పోయిందేమోలే అనుకుంటి."

నేను పరిగెత్తాను. నా వెనక ఉమామహేశ్, అతని వెనక ఇరవైమంది ఆడవాళ్ళు. వీధి మొదట్లో అందరూ ఆగిపోయారు. నేను ఒక్కదాన్నే కిటికీ దాకా పోయాను. ఎండిన అన్నం మీద చీమలు పాకుతున్నాయి. కుంకుమ గాలికి పక్కకు జారి ఉంది.

"హేమావతీ."

చప్పుడు లేదు. ఇంకోసారి పిలిచాను. వెనకాల ఎవరో, పిలవద్దు శివకుమారీ అని సన్నగా అన్నారు. మూడోసారి పిలిచాక చాలాసేపు ఏమీ లేదు. అప్పుడు లోపలినుంచి వచ్చింది, ఊపిరి కంటే కొంచెం పెద్దగా.

"ఓ."

తలుపు దగ్గరకు పోయి కంప పట్టుకోబోతే సుబ్బక్క నా చెయ్యి ఆపింది. నేను ఆమె మీద అరవబోయాను. ఆమె నన్ను చూడటం లేదు, వీధి మొదట్లో నిలబడ్డవాళ్ళను చూస్తోంది.

"ఒగరు తీస్తే ఆ ఒగరికి పడతాది. అందురూ చెయ్యేస్తే ఎవురికి పడాల? రాండి," అంది.

ఒక్కొక్కరే వచ్చారు. ఇరవైమంది ఒక తుమ్మకంప మీద చెయ్యి వేశారు. చేతులకు ముళ్ళు దిగినా ఎవరూ వదల్లేదు. కంప పక్కకు పడింది. ఉమామహేశ్ రాయి తెచ్చి తాళం పగలగొట్టాడు.

లోపల చీకటి. పక్కింటి గోడకు వీపు ఆనించి కూర్చుని ఉంది హేమావతి. ఒంటి మీద కోక తప్ప మనిషి లేనట్టుంది. నన్ను చూసి భయపడలేదు. జాలిగా చూసింది.

"నువ్వెప్పుడు పోయినావక్కా?" అంది.

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె ఎదురుగా నేలమీద కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"నేను పోలేదే. నువ్వూ పోలేదు."

"లేదక్కా. తాళంచెవి ఆయన దగ్గరే ఉండె, వెనక గోడ దూకి లోపలికి వచ్చినాక సుబ్బక్కను పిలిస్తి. ఉరికిపాయె. నిన్ను పిలిస్తి. నువ్వూ ఉరికిపోతివి. జబ్బుకు భయపడినారేమో అనుకుంటి. తర్వాత కుంకుమేసి కూడు పెడితిరి. సచ్చినోళ్ళకు పెట్టే కూడు నాకు తెలీదా? బస్సులోనే పోయినానేమో, నాకే తెలీలేదు అనుకుంటి."

అందుకే తెల్లవారకముందే, వెనక గోడ మీదుగా, ఎవరికీ ఎదురుపడకుండా నీళ్ళకు పోయేదట. బతికున్నవాళ్ళను భయపెట్టకూడదని.

నేను ఏం చెప్పినా నమ్మలేదు. చివరకు ఆమె కుడిచేతి వేళ్ళు తీసి ఆమె ఎడమ మణికట్టు మీదే పెట్టి నొక్కాను.

"ఏముంది ఆడ?"

మణికట్టు వైపు తల వంచింది. "కొట్టుకుంటాండాది," అంది.

"సచ్చినోళ్ళకు కొట్టుకోదు హేమావతీ."

అప్పుడు ఏడ్చింది. కన్నీళ్ళకు కూడా ఒంట్లో తడి లేదు. ఉమామహేశ్ జీపును గుమ్మం దాకా తెచ్చాడు. ఇద్దరం పట్టుకుని లేపాం. గడప దగ్గర ఆమె తలుపు రెక్క గట్టిగా పట్టుకుంది.

"మహాదేవమ్మవ్వను గూడ పిలవండక్కా."

మహాదేవమ్మ పక్కింటి హనుమేష్ వాళ్ళమ్మ. నడవలేని మనిషి. "ఆమె కొడుకుతో సుగ్గికి పోయింది గదే," అన్నాను.

"యాడికి పోయింది? గోడవతల ఉండాది. సచ్చినదాన్ననుకుంటి గదా, ఆ కంప నేనెట్ల తీస్తును? దీపం గూట్లో రాయి ఊడిపోయింది గదా, ఆడినుంచే మాట్లాడుకుంటాము. కూడులో సగం నేను ఆ గూట్లో పెడతా, అవ్వ తీసుకుంటాది. రెండు దినాలుగా నేనే లేయలేకపోతి." ఊపిరి పీల్చుకుని మళ్ళీ అంది. "ఇప్పుడు నువ్వు పిలిస్తే నేను పలకగూడదనుకుంటి. పలికితే నీకు పడతానేమోనని. అవ్వే చెప్పె, పలుకు తల్లీ, మనుషులే వాళ్ళు, అని. అందుకే పలికినా."

హనుమేష్ ఇంటికి తాళం లేదు. గొళ్ళెం పెట్టి కంప వేసి ఉంది అంతే. తర్వాత ఫోన్లో తెలిసింది. హనుమేష్ పోతూ పోతూ ఎదురింటివాళ్ళకు తల్లిని అప్పజెప్పాడు. వారానికి ఆ ఎదురింటివాళ్ళకూ ట్రాక్టరు వచ్చింది. వాళ్ళు డ్రమ్ము నిండా నీళ్ళు, ఎండబెట్టి నిలవుంచే కటిక రొట్టెలు ఒక గంప లోపల పెట్టి, కుక్కలు దూరకుండా గొళ్ళెం వేసి, కంప అడ్డం పెట్టి పోయారు. నాలుగు దినాల్లో ఇంకెవరికైనా చెబుదామనుకున్నారు. చెప్పడానికి పక్కన ఎవరూ మిగల్లేదు, వీధి చివరి సుబ్బక్క ఎవరికీ గుర్తు రాలేదు.

ఈసారి కంప తీయడానికి ఎవరూ ఎవరినీ పిలవలేదు.

మహాదేవమ్మ దీపం గూటి కింద, గోడకు వీపు ఆనించి కూర్చుని ఉంది. గోడకు అవతల హేమావతి ఎక్కడ కూర్చుందో సరిగ్గా అక్కడే, ఒకరి వీపుకు ఒకరు ఆనుకున్నట్టు. గూట్లో హేమావతి పెట్టిన అన్నం రెండు ముద్దలు ముట్టకుండా ఎండి గట్టిపడ్డాయి. ఏఎన్‌ఎమ్ జీవమ్మ వచ్చి ముక్కుకు కొంగు కప్పుకుని చూసింది.

"ప్రాణం పోయి నాలుగు రోజులకు తక్కువ కాదు. అయిదు కూడా కావచ్చు," అంది.

సుబ్బక్క నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. పలుకు తల్లీ అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. మిగతా ఆడవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు, ఎవరూ పరిగెత్తలేదు. ఆ సాయంత్రమే మిగిలిన ఏడు ఇళ్ళ కంపలు తీసి చూశాం. ఎవరూ లేరు. తర్వాత మళ్ళీ వేశాం. వీధికి ఇద్దరు చొప్పున రోజూ పొద్దున్నే కంప ఉన్న ప్రతి ఇంటి ముందు నిలబడి ఇంటివాళ్ళ పేర్లన్నీ పిలవాలని ఆడవాళ్ళ సంఘంలో తీర్మానం చేసుకున్నాం. డాక్టరమ్మ హేమావతికి మందుతోపాటు నెలనెలా బియ్యం, పప్పు, గుడ్లు ఇంటికి చేరేట్టు సంస్థతో మాట్లాడింది. ఉమామహేశ్ అందుకోసం ఎన్నిసార్లు తిరిగాడో నాకు తెలుసు. అతని మీద మనసులో మండిపడ్డందుకు అతన్ని క్షమాపణ అడిగాను.

హేమావతిని ఆదోని ఆసుపత్రిలో ఉంచారు. రెండు వారాలు ఆగిన మందు మళ్ళీ మొదలుపెట్టారు, జబ్బు ఇంకా మొండికెక్కలేదు అన్నారు. వారం తర్వాత నేను చూడటానికి పోయాను. ముఖంలో కొంచెం రక్తం వచ్చింది. అవ్వ సంగతి అడిగింది. దాచడం నాకు చేతకాలేదు. ఎన్ని రోజులైందో కూడా చెప్పేశాను.

ఆమె కిటికీ వైపు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. భయపడలేదు.

"అవ్వ ఎవర్నీ పిలవలేదా హేమావతీ? అన్ని దినాలు ఎవర్నీ పిలవలేదా?" అన్నాను.

"పిలవలేదక్కా. నన్నే పిలవమనేది. నువ్వు ఆ దోవన పోతాంటే నీ చెప్పుల సప్పుడు అవ్వకే ముందు వినబడేది. అదిగో, శివకుమారి వస్తాండాది, పిలువు అనేది. నువ్వు ఉరికిపోయినాక నేను ఏడిస్తే, ఏడవాకు, ఆ పిల్ల పుస్తకంలో మన పేర్లుంటాయి, యాడున్నా వెతుక్కుంటా వస్తాది అనేది. పోయేదాకా అదే మాట."

ఆ పుస్తకం నా సంచిలోనే ఉంది. మహాదేవమ్మ పేరు ఎదురుగా నేను ఏం రాశానో హేమావతికి చెప్పలేకపోయాను. అంత నమ్మకం పెట్టుకున్న మనిషిని నేను గడప అవతలినుంచే కంప చూసి, ఒక్క మాట రాసి వలస పంపించేశాను. ఈ పాపం నాది, ఎవరితోనూ పంచుకునేది కాదు. నర్సు మాత్రలు తెచ్చింది. నేనే తీసుకుని ఒక్కొక్కటి హేమావతి చేతిలో పెట్టాను. మింగి నోరు తెరిచి చూపించేదాకా అక్కడే నిలబడ్డాను.